హుల్డా చెప్పిన లెక్క

మార్చి 4, 1986

పొద్దంతా లైబ్రరీలో మైక్రోఫిల్మ్ యంత్రం ముందే. మెడ పట్టేసింది. పోతే పోయింది, 1880 జనాభా లెక్కల్లో తాత వాళ్ళమ్మ హుల్డా ఎక్‌స్ట్రమ్ దొరికింది. భర్త నిల్స్, నలుగురు పిల్లలు. ఈ నెబ్రాస్కా గడ్డ మీద పచ్చిక పెళ్ళలు కోసి ఇల్లు కట్టుకున్న తొలి కుటుంబాల్లో మాదొకటి. ఆ ఇంటి కప్పులోంచి పాములు సూప్‌లో పడకుండా హుల్డా దుప్పటి కట్టేదని తాత చెప్తే, వంటింట్లో మేం పడీపడీ నవ్వేవాళ్ళం. ఇప్పుడు తాతా లేడు, ఆ వంటిల్లూ లేదు.

హుల్డా సమాధి మీద కొయ్య శిలువ పుచ్చిపోయింది. మే నెలలో సమాధులకు పూలు పెట్టే రోజుకి, పిల్లలందరి పేర్లతో రాయి వేయించాలని కుటుంబ తీర్మానం. ఆ పేర్లు వెతికే పని నా నెత్తిన పడింది.

మార్చి 11

1890 లెక్కలు దొరకవు. వాషింగ్టన్‌లో అగ్నిప్రమాదంలో పోయాయట.

మార్చి 18, సాయంత్రం

1900. ఆ ఏడు ప్రతి తల్లినీ అడిగారు, ఎంతమందిని కన్నావు, ఎంతమంది బతికున్నారు అని. హుల్డా గడుల్లో తొమ్మిది, అయిదు.

మా దగ్గరున్న పేర్లు ఏడే. మిగతా రెండూ, పుట్టుకలు రాసుకునే ఇంటి బైబిల్లో లేవు, చర్చి పుస్తకంలో లేవు. ఇద్దరు బిడ్డలు ఆ రెండు లెక్కల మధ్యలో పుట్టి, ఆ మధ్యలోనే పోయారు.

లెక్క రాసుకోవడానికి వచ్చినవాడు ఎవరో తెలిసిన మనిషే అయ్యుంటాడు. గుమ్మంలో నిలబడి అడిగినవాడికి ఏడని చెప్పి పంపేయొచ్చు. తొమ్మిదంది.

నన్నెవరడిగినా నాకిద్దరు పిల్లలనే చెప్తాను. ఆ ఇద్దరి మధ్య, 1951లో, ఒక పాప. మూడు రోజులు బతికింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నా భర్త వెర్ల్ ఆ మాట ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. పేరు కూడా పెట్టలేదు. హుల్డా మీద అసూయగా ఉంది నాకు.

మార్చి 19

వెర్ల్‌కి చెప్పాను, తొమ్మిదీ అయిదూ. కాఫీ సగంలో వదిలేసి దూడల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 9

పెదనాన్న కూతురు లావోన్‌తో ఫోన్లో గొడవ. రాయి ఆర్డరు ఆవిడ చేతిలో ఉంది.

"ఊరూ పేరూ లేనివాళ్ళని ఎలా చెక్కిస్తామే ఆర్డిత్? రాసినవాడే తప్పు రాశాడేమో."

"కన్నది హుల్డా. ఆవిడకి తెలీదా ఎంతమందో?"

నేను మొదట్నుంచీ మొండిఘటాన్నే అంది. కాదన్నదెవరు? ఆ ఇద్దరూ రాయి మీద లేకపోతే పూల రోజు భోజనాలకి ఓవెన్లో వండి తెచ్చే నా బంగాళాదుంపల క్యాసరోల్ కూడా ఉండదన్నాను. "సర్లే, ఏం రాయించమంటావో చెప్పు" అంది.

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

మే 26

ఏడు పేర్ల కింద "మరో ఇద్దరు పసిబిడ్డలు" అని చెక్కారు. అందరూ కాఫీ డబ్బాల్లో పియొనీ పూలు పెట్టారు.

భోజనాలయ్యాక లావోన్ వంశవృక్షం నింపుతూ, మాకెంతమంది పిల్లలని రాయాలో అడిగింది. ఇద్దరని అనబోయాను.

"ముగ్గురు" అన్నాడు వెర్ల్. "మధ్యది రూత్."

ఆ పేరు నేను వినడం ఇవాళే.