చేప ఉప్పు చేపకే

ఏమండీ,

దర్జీ దగ్గరికి వెళ్తున్నాను, నాలుగింటికి వస్తాను. మధ్యాహ్నం చేప తొట్టిలో సగం నీళ్లు మార్చండి. గట్టు మీద స్టీలు మగ్గులో ఒక చెంచా ఉప్పు కరిగించి పెట్టాను, అది కొంచెం కొంచెంగా పొయ్యండి. చేప నెత్తిన గుమ్మరించకండి. ఇంకేమీ వెయ్యక్కర్లేదు. ఉప్పు ఆవిరైపోదు, నీళ్లు తీసేస్తేనే పోతుంది.

నాకు అర్థం కానిది అదే. పది రోజుల్లో చేపకి నేను వేసింది మూడు చెంచాలు, దాని కోసమే కొన్న ఉప్పు ప్యాకెట్టు చూస్తే సగం ఖాళీ. దాని ఒంటిమీద తెల్ల మచ్చలు సోమవారమే పోయాయి, తొట్టంతా గిరగిరా తిరుగుతోంది. మీరొక్కరే "పాపం, ఇంకా నీరసంగా ఉందోయ్, ఇంకో చెంచా పడాలి" అంటున్నారు. నిన్న భోజనం మధ్యలో లేచి, చేపని చూసొస్తానని కంచంతో సహా వెళ్లారు. చేపని చూడ్డానికి కంచం ఎందుకండీ?

ప్యాకెట్టు నా సంచిలో వేసుకుని పోతున్నాను, వెతికి అలిసిపోకండి. డాక్టరు మీకు ఉప్పు మానమన్నది నన్ను సాధించడానికి కాదు. పోయిన నెల బీపీ పెరిగి మీరు బాత్రూములో పడిపోయినప్పుడు లోపల గడియ వేసి ఉంది. బయట తలుపు బాదుతూ నిలబడింది నేను. ఇంకోసారి నా వల్ల కాదు.

అన్నట్టు, నేను మాత్రం కమ్మగా వేరే వండుకుంటున్నానని మీ అక్కయ్యతో అన్నారట. ఫ్రిజ్‌లో మూతపెట్టిన చిన్న గిన్నె నాది. రుచి చూడండి. నెల రోజులుగా నేనూ చప్పిడే తింటున్నాను.