పాట మధ్య ఖాళీ

శుక్రవారం, రాత్రి

విడవలూరు తీరంలో రికార్డు చేసిన, వల లాగేటప్పుడు పాడే పాటలు ఈ రోజు పాడైపోయాయి. వాటిని భద్రపరిచే ప్రోగ్రాంలోని పాత కోడును తిరగరాస్తున్నది నేనే. శబ్దం లేని చోట్లను ఆ ప్రోగ్రాం కత్తిరించి అసలు ఫైలు మీదే సేవ్ చేస్తుంది. ఆ పాటల్లో ఒక్కో చరణం కాగానే అందరూ ఊపిరి బిగబట్టి వల లాగుతారు. ఆ ఖాళీ పోకూడదనే పాట నిడివి తగ్గిందేమో చూసే టెస్టు ఒకటి రాశాను. అది ఫెయిలై ఎర్రగా వెలిగింది.

టీమ్ లీడర్ భాస్కరన్నకు చూపించాను.

"ఆ ఒక్క టెస్టు తీసేయ్ పాపా. సాయంత్రానికి అన్నీ పచ్చగా కనపడాల."

"పాట పోతుందన్నా."

"మాట లేని చోటేగా పోయేది! జాగర్త, ఎప్పుడూ నోరు మెదపవు, నిన్ను కూడా కత్తిరించేస్తాది."

అందరూ నవ్వారు. నేను టెస్టు తీసేసి ప్రోగ్రాం నడిపాను.

ఇప్పుడు వింటే పాటలో వల లేదు. గొంతులు ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతున్నాయి. వేరే కాపీ ఎక్కడా లేదు. కాన్వెంట్‌లో నిశ్శబ్దంగా కూర్చున్నందుకు ఏటా నాకే బహుమతి ఇచ్చేవారు.

"అన్ని టెస్టులూ పాస్" అని భాస్కరన్న గ్రూపులో పెట్టాడు. నేనూ దాని కింద బొటనవేలు ఎత్తిన గుర్తు పెట్టాను.