తలుపు కొట్టే వేళ

బావా,

నువ్వు పోయి రేపటికి రెండేళ్లు. నీ బదులు నాకిచ్చిన ఉద్యోగంలో, కాలనీ క్వార్టర్లకు బండలు వేసే మేస్త్రీల వర్క్ ఆర్డర్లు రాస్తున్నాను. ఏ ఇల్లు, ఎన్ని గదులు, ఏ రకం బండ, కాగితంలో అంతే ఉండేది. ఈ వారం నేను ఇంకో గడి గీశాను: ఇంటాయన షిఫ్టు.

సూపర్‌వైజర్ నవ్వాడు. "బండలేసెటోళ్లకు షిఫ్టుతోని ఏం పని చెల్లె?"

"నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకున్నోళ్ల ఇంట్ల పొద్దుగాల్నే గచ్చు పగలగొడ్తరా సార్? ఆ గడి నింపకుండ నేను కాగితం పంప."

ఆయనకు నీ సంగతి చెప్పలేదు. మన ముందు గది గచ్చు పగలగొట్టిన రోజు, నైట్ షిఫ్టు చేసొచ్చిన నువ్వు మంచం బయట వేసుకున్నావు. కన్ను మూతపడలేదు. రాత్రి మళ్లీ డ్యూటీకి బయలుదేరితే టిఫిన్ డబ్బా కట్టిచ్చాను. నువ్వు తిరిగి రాలేదు, ఆ డబ్బా మాత్రం మర్నాడు నీ దోస్తు తెచ్చిచ్చాడు.

సూపర్‌వైజర్ చివరికి సంతకం పెట్టాడు.

ఇవాళ మన పాత క్వార్టర్ వంతు వచ్చింది. వంటగదికి బండలు వేయాలి. ఇప్పుడు అక్కడ ఉంటున్న ఆయనది ఈ వారం నైట్ షిఫ్టు. "మధ్యాహ్నం మూడు దాటాకే తలుపు కొట్టాలి" అని రాసి, కింద రెండు గీతలు గీశాను.