కాయ గదికి లోపల గడియ లేదు

2025వ సంవత్సరం మార్చి నెల 17వ తేదీ, సోమవారం. ఎన్టీఆర్ జిల్లా తిరువూరులో కాపురముంటున్న కొత్తమాసు గిరిబాబు గారి భార్య నాగలత, వయస్సు 27 సంవత్సరాలు, ఏడో తరగతి వరకు చదువుకున్నది, తన సొంత చేతిరాతతో రాసుకున్న వీలునామా ఇది.

నా బుద్ధి నిలకడగా ఉంది. జ్వరం లేదు. నిద్రమాత్ర వేసుకోలేదు. పక్కన కూర్చుని చెప్పి రాయించేవాళ్ళు ఎవరూ లేరు. నా గుండెలో ఒక కవాటం సన్నబడిందని, ఈ గురువారం విజయవాడలో ఆపరేషను చేస్తామని డాక్టర్లు చెప్పారు. వందమందిలో తొంభైమంది లేచి ఇంటికి వెళ్తారని అన్నారు. మిగతా పదిమందిలో నేనుంటే ఏం జరగాలో ఇందులో రాస్తున్నాను. మా ఊరి దస్తావేజు లేఖరి దగ్గరికి వెళ్ళలేదు. ఆయన రోజూ సాయంత్రం మా మామగారితో కూర్చుని టీ తాగుతాడు. మా పాప టీచరు జాస్మిన్ గారు ఒక వకీలును అడిగారు. తెల్లకాగితం మీద రాసినా, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెడితే చెల్లుతుందని ఆయన చెప్పారట. అక్షరాల్లో తప్పులుంటే సర్దుకుని చదవండి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఎ.కొండూరులో ఉంటున్న మా అక్క భానుశ్రీకి ఇస్తున్నాను. అక్క జాకెట్లు కుడుతుంది. ఎవరితోనైనా ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. నాకది రాదు. చిన్నప్పుడు రిక్షా అతనికి చిల్లర ఇవ్వాలన్నా అక్క చేతికే ఇచ్చి ఇప్పించేదాన్ని.

2. నా చెవిదిద్దులు, రెండు గాజులు, సన్న గొలుసు నా కూతురు నీహారికకు చెందాలి. పాపకు ఇప్పుడు ఎనిమిదేళ్ళు. పద్దెనిమిదేళ్ళు వచ్చేవరకు అక్క దాచాలి. గొలుసుకు కొక్కెం వదులు. వేసేముందు బాగు చేయించాలి. నా కుట్టు కత్తెర, ఎర్ర స్వెట్టరు అక్కవి. స్వెట్టరు మోచేతి దగ్గర చిరిగింది, కానీ వెచ్చగా ఉంటుంది.

3. మా అత్తగారు సరోజినీదేవి గారికి నా ముదురాకుపచ్చ పట్టుచీర ఇవ్వాలి. పెళ్ళిలో దాన్ని చూసి "గోంగూర ఉడకబెట్టిన నీళ్ళలా ఉంది రంగు" అని పదిమందిలో అన్నారు. ఆ తర్వాత ఆ చీర నేను కట్టలేదు. మడతలో వేపాకు పెట్టి దాచాను, చిమ్మట పట్టలేదు. నా రెండో నెల గర్భం పోయినప్పుడు నలభై రోజులు నాకు పత్యం వండిపెట్టింది కూడా ఆవిడే. రెండూ నాకు గుర్తున్నాయి.

4. నా భర్త గిరిబాబు గారికి. ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు. నాకు ఆయాసం వచ్చినప్పుడు వీపు రాస్తూ కూర్చునేవారు. తోటల నుంచి కాయ దిగగానే మొదటి పండు నాకే కోసి ఇచ్చేవారు. పెళ్ళయిన కొత్తలో ఒక మాట చెప్పారు. అల్లరి చేస్తే మామగారు ఆయన్ని కాయ గదిలో వేసి గొళ్ళెం పెట్టేవారట. అప్పటి కాయ గది ఇంటి వెనక పెంకుటిల్లు. వరిగడ్డి పరిచి మామిడికాయలు మాగబెట్టేవారు. "పెంకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడేది. అవి లెక్కపెడుతూ పడుకునేవాణ్ణి. ఒకసారి ఆకలేసి మూడు పళ్ళు తిన్నాను, దానికి ఇంకో దెబ్బ" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన బీరువాలో ఏడేళ్ళప్పటి ఫోటో ఒకటి ఉంది. దాన్ని నేను ఫ్రేము కట్టించాను. అది ఆయనకు ఇస్తున్నాను.

5. ఇప్పుడు రాసేది ఆస్తి గురించి కాదు. అయినా వీలునామాలో ఉండాలని రాస్తున్నాను.

కిందటి సంవత్సరం మే నెలలో మా పాప ఆసుపత్రిలో ఉన్నప్పుడు, "ఆడుకుంటూ తనే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది" అని డాక్టరు గారికి చెప్పింది నేను. అది అబద్ధం. జరిగింది ఇది.

మా పళ్ళ మండీ గోడౌను ఇంటికి ఎదురుగానే ఉంది. అందులో ఐదేళ్ళ కిందట కొత్త గది కట్టారు. సిమెంటు గోడలు, పైన శ్లాబు, ఇనుప తలుపు, తలుపు అంచుల చుట్టూ గాలి పోకుండా రబ్బరు. కాయల మధ్య కార్బైడ్ పొట్లాలు పెట్టి రెండు రోజులు మూసేస్తే పసుపురంగు వచ్చేస్తుంది. పాత పెంకుటిల్లు పడగొట్టాక దీన్నే కాయ గది అంటున్నారు. పేరు ఒకటే. పేరు ఒకటి కావడం వల్లే, ఇందులో గాలి ఆడదని ఎవరికీ తట్టలేదు.

ఆ రోజు ఖమ్మం వైపు నుంచి ఒక బేరగాడు వచ్చాడు. వేసవి సెలవులు కాబట్టి పాప గోడౌను దగ్గరే ఆడుకుంటోంది. పళ్ళు వాసన చూస్తున్న అతనితో, "అంకుల్, అవి పొట్లాలు పెట్టి మాగబెట్టినవి. తింటే కడుపులో నొప్పొస్తుందని మా జాస్మిన్ టీచర్ చెప్పారు" అంది. అతను గట్టిగా నవ్వాడు. "ఏంటి గిరిబాబూ, మీ ఇంటి పిల్లే సర్టిఫికెట్టు ఇస్తోంది గదా" అన్నాడు. హమాలీలు కూడా నవ్వారు. అతను సరుకు ఎత్తకుండా, టీ మాత్రం తాగి వెళ్తానని మా వసారాలోకి వచ్చి మామగారి పక్కన కూర్చున్నాడు.

మా ఆయన పాప చెయ్యి పట్టుకున్నారు. "నీ నోటికి తాళం లేదు గదా, కాయ గదికి ఉంది" అన్నారు. గోడౌను లోపలికి తీసుకెళ్ళడం నేను వంటింటి కిటికీలోంచి చూశాను. ఇనుప గొళ్ళెం చప్పుడు విన్నాను. ఆ తర్వాత లారీ వచ్చింది. ఈయన తూకం చూసుకోవడానికి వెళ్ళారు.

నేను వెంటనే వెళ్ళలేదు. వెళ్ళాలంటే వసారా దాటాలి. మామగారు, బయటి మనిషి కూర్చుని ఉండగా నేను ఆ వసారా దాటిన రోజు లేదు. తలుపు చాటు నుంచి టీ గ్లాసులు అందించి, ఖాళీ ట్రే పట్టుకుని అక్కడే నిలబడ్డాను. వాళ్ళు తాగి లేస్తారని చూశాను. వాళ్ళు ధరల గురించి, పెళ్ళి సంబంధాల గురించి మాట్లాడుతూనే ఉన్నారు. బయట లారీ ఇంజను ఆడుతూనే ఉంది. పాప అరిచిందో లేదో నాకు తెలియదు. అరిచే ఉంటుంది.

లారీ డ్రైవరు దేవానందం గారు ఇంజను ఆపి, టీ కోసం వంటింటి కిటికీ దగ్గరికి వచ్చారు. "పాపేదమ్మా? ఇందాక లోపలికి పోయింది, మళ్ళీ రాలా" అన్నారు. అప్పుడు నేను వసారా దాటాను. ట్రే ఎక్కడ పడేశానో తెలియదు. గొళ్ళెం తీసింది దేవానందం గారే. పాప తలుపు అడుగున బోర్లా పడి ఉంది. కింది రబ్బరు జానెడు పొడుగున పీకి, ఆ సందుకి ముక్కు ఆనించుకుని ఉంది. గోళ్ళ నిండా నల్ల రబ్బరు. ఆ జానెడు సందు వల్లే బతికిందని తర్వాత డాక్టరు గారు అన్నారు.

ఆసుపత్రి వరండాలో మామగారు అంకారావు గారు అన్నారు: "ఆడపిల్ల సంగతి, బయటికి పొక్కితే రేపు ఎవరు చేసుకుంటారు?" అత్తగారు నా భుజం మీద చెయ్యి వేసి, "తల్లివి, నువ్వు చెబితేనే నమ్ముతారు" అన్నారు. బయటివాళ్ళ ముందు నన్ను మాట్లాడమని ఆ ఇంట్లో అడగడం అదే మొదటిసారి. నేను మాట్లాడాను. తనే వేసుకుందని చెప్పాను.

ఆ తలుపుకు లోపల గడియ లేదు. ఉన్న ఒక్క గొళ్ళెమూ బయటే. ఎవరైనా వచ్చి చూస్తే తెలిసిపోయేది. ఎవరూ రాలేదు.

ఇప్పుడు పాప కూడా "నేనే వేసుకున్నా" అంటోంది. అడిగినవాళ్ళకి అలా చెప్పమని నేర్పింది నేనే. నేర్పగా నేర్పగా నమ్మేసింది. నీహారికా, నీకు ఈ కాగితం చదివే వయస్సు వచ్చాక చదువుకో. తలుపు నువ్వు వెయ్యలేదు. నువ్వు చెప్పిన మాట నిజం. అమ్మ చెప్పింది అబద్ధం.

6. ఆ రోజు నుంచి పాపకు అప్పుడప్పుడు ఫిట్సు వస్తున్నాయి. చదివింది నిలవడం లేదు. రెండో తరగతిలో పన్నెండో ఎక్కం దాకా చెప్పిన పిల్ల ఇప్పుడు ఏడో ఎక్కం సగంలో ఆగిపోయి నా మొహం చూస్తుంది. రెండు నెలలు ఈయన ఎంతో ముద్దు చేశారు. రోజూ ఐస్‌క్రీం తెచ్చారు, ఒళ్ళో పెట్టుకుని తినిపించారు. తర్వాత మళ్ళీ గొంతు పెరిగింది. దసరా వెళ్ళాక ఒకరోజు ఎక్కం తప్పు చెబితే, "కాయ గది మరిచిపోయావా?" అన్నారు. పాప నిలబడ్డచోటే గౌను తడుపుకుంది. అప్పటి నుంచి మాట కూడా అక్కర్లేదు. తాళాల గుత్తి కదిపితే చాలు. మామగారు చూసి, "మా ఇద్దరు కొడుకులూ అట్టాగే దారికొచ్చారు" అన్నారు.

కిందటి మంగళవారం నేను గుండె పరీక్షలకి విజయవాడ వెళ్ళి బస్సు దిగి వచ్చేసరికి, పాప కాయ గది గడప లోపల పీట మీద కూర్చుని ఉంది. చుట్టూ అరటిగెలలు. చేతిలో పలక. "ఎక్కం అప్పజెప్పేదాకా అక్కడే. తలుపు తీసే ఉంది గదా, గాలి ఆడుతోంది గదా, ఇంకేంటి నీ బాధ?" అన్నారు ఈయన. కోపంగా కూడా అనలేదు. మామూలుగా అన్నారు. తలుపు అంచున పాప పీకిన చోట కొత్త రబ్బరు వేసి ఉంది.

అందుచేత నేను పోయిన తర్వాత నీహారిక నా అక్క భానుశ్రీ దగ్గరే పెరగాలని రాస్తున్నాను. తండ్రి బతికుండగా తల్లి ఇలా రాసినా కోర్టులో నిలవదని వకీలు గారు చెప్పారట. నిలవదని తెలిసే రాస్తున్నాను. నిలిచేది కింద రాస్తున్నాను.

7. గోడౌను ఉన్న ఇరవై సెంట్ల స్థలం రెడ్డిగూడెం వాస్తవ్యురాలు, మా అమ్మ బాలామణి గారి నుంచి దస్తావేజు ద్వారా నాకు వచ్చినది. తూర్పు రోడ్డు, పడమర పిల్లకాలువ, ఉత్తరం జోజప్ప గారి ప్రహరీ, దక్షిణం మా ఇంటి బాట. దీని మీద నా భర్తకు గానీ, మామగారికి గానీ హక్కు లేదు. గది కట్టేటప్పుడు నా సంతకం అడిగారు, పెట్టాను. ఏం కడుతున్నారని అడగలేదు.

ఈ స్థలం మొత్తం నా కూతురు నీహారికకు రాస్తున్నాను. పాపకు పద్దెనిమిదేళ్ళు వచ్చేవరకు అక్క ఆధీనంలో ఉండాలి. పాప అక్క ఇంట్లో ఉన్నంతకాలం నా భర్త అద్దె లేకుండా అక్కడ వ్యాపారం చేసుకోవచ్చు. ప్రతి ఆదివారం ఎ.కొండూరు వెళ్ళి, అక్క ఎదురుగా పాపను చూడవచ్చు, ముద్దు చేయవచ్చు. పాపను తిరువూరు తెచ్చిన రోజున, ఒక్క పూటకైనా సరే, అక్క గోడౌనుకు తాళం వేసి, నెలలోగా ఖాళీ చేయించి, వేరేవాళ్ళకు అద్దెకివ్వాలి. ఏప్రిల్లో కాయ దిగుతుంది. గోడౌను లేకపోతే ఆ సీజను ఉండదని ఆయనకు తెలుసు. పిల్ల మీద ప్రేమ లేక ఇలా రాయలేదు, ఆయన ప్రేమ ఎలాంటిదో చూసి రాశాను.

8. నా పెద్దకర్మ లోపల కాయ గది తలుపు ఊడదీయించి పాత ఇనుముకు వేయాలి. ఖర్చు నా పోపులడబ్బాలో ఉంది. అక్కడ మళ్ళీ ఏ తలుపూ పెట్టకూడదు.

9. మామగారు అంకారావు గారికి నేను ఏమీ రాయడం లేదు. ఏమైనా రాయాలని చాలాసేపు ఆలోచించాను.

10. సాక్షులకు ఏమీ ఇవ్వకూడదట, అందుకని ఇవ్వలేదు. జాస్మిన్ గారు తన పాఠం వల్లే ఇదంతా జరిగిందని నా దగ్గర ఏడ్చారు. టీచర్ గారూ, ఆ పాఠం మానొద్దు. మూడో తరగతిలో కూడా చెప్పండి.

11. ఇది అక్కకు. ఈ కాగితం ఈ రోజే దేవానందం గారి చేత నీకు పంపుతున్నాను. నువ్వు కుట్టిన కొత్త గౌను వేయించి చూస్తావని చెప్పి, నిన్న పాపను జాస్మిన్ గారి వెంట ఎ.కొండూరు బస్సు ఎక్కించాను. ఇంట్లో అసలు సంగతి చెప్పలేదు. "నాలుగు రోజులు ఉండనీలే, వచ్చే ఆదివారం బండి మీద వెళ్ళి తీసుకొస్తా. బడి మానేస్తే ఉన్నది కూడా మరిచిపోద్ది" అన్నారు మీ మరిది. గురువారం నాకు ఆపరేషను. ఆదివారం నాటికి నేను ఏ స్థితిలో ఉంటానో డాక్టర్లు కూడా చెప్పలేదు. ఒంటి మీద తెలివి లేకుండా ఉండొచ్చు. పోయి ఉండొచ్చు. బాగుండి కూడా మాట్లాడలేకపోవచ్చు. ఆయన ఐస్‌క్రీం తెస్తారు. నా పేరు చెబుతారు, అమ్మ రమ్మందని అంటారు. పాప చెప్పులు వేసుకుంటుంది. నేను బతికున్నానో లేదో కబురు తెలిసేదాకా చూద్దామని ఆగకు, అక్కా. పిల్లను పంపకు.

పైన రాసినదంతా నేనే రాశాను, చదువుకున్నాను, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాను.

తిరువూరు, 17-3-2025, మధ్యాహ్నం.

(సంతకం) కొత్తమాసు నాగలత

సాక్షులు: మా ఎదుట ఆమె సంతకం పెట్టింది, ఆమె ఎదుట మేము పెట్టాము.

1. (సంతకం) జాస్మిన్, స్కూలు టీచరు, తిరువూరు.

2. (సంతకం) దేవానందం, లారీ డ్రైవరు, రెడ్డిగూడెం.