మోతికి వేసిన బొక్క

సిద్దిపేట,
1945 జనవరి.

చిరంజీవి ఉప్పలయ్యను నాయిన దీవించి రాయునది. ఇక్కడ నిన్ను కన్న మీ అవ్వ, నీ భార్య ఎల్లవ్వ, మూడు నెలల నీ బిడ్డ, నేను, అందరమూ బాగున్నాం. భివండిలో నీ ఒంట్లో ఎలా ఉన్నదో రాయాలి.

నూలు దొరుకుతున్నదా అని అడిగావు. సర్కారిచ్చే కంట్రోలు నూలు వస్తే మగ్గం ఊపుతున్నాను, రాకపోతే నీ బిడ్డ తొట్టెల ఊపుతున్నాను. పిల్లకు నీ ముక్కే వచ్చింది, ఏం చేస్తాం.

నువ్వు తెచ్చిపెట్టి పోయిన కుక్కపిల్ల మోతికి ఐదో నెల. పాలపళ్లు ఊడుతున్నాయి. నా చెప్పు ఒకటి తినేసింది, రెండోది దాచుకున్నాను. మొన్నటి గండం తర్వాత దానికి ఎముకలు, బొక్కలు వేయవచ్చా అని అడిగావు గదా, కటిక సిద్ధయ్యను కనుక్కున్నాను. కత్తి పక్కన పెట్టి మరీ చెప్పాడు.

"ఉడికిన బొక్క ఇయ్యకు మల్లన్నా, సూదులోలె చీలుతది. కోడిదైతె అసలే వద్దు. పచ్చిదియ్యి, దాని మూతికన్న పెద్దది. ఇచ్చి అవుతలికి పోవద్దు, కాడనే కూసో. కొరికి కొరికి చిన్నగైనంక గుంజుకో."

అలాగే చేస్తున్నాను. గుంజుకుంటే గుర్రుమంటుంది, మళ్లీ వచ్చి ఒళ్లోనే పడుకుంటుంది.

ఇక అసలు సంగతి. రెండు రోజులుగా ఇక్కడిదాకా వచ్చి కాగితం మడిచి పెడుతున్నాను.

ఎల్లవ్వ తన షోర్వాలోని బొక్క వేస్తే, అది గొంతుకు అడ్డం పడి మోతి చావు తప్పి బతికిందని పోయినసారి రాశాను. మీ అవ్వ చెప్పింది, నేను రాశాను. అది అబద్ధం. వేసింది నేను.

పాలపళ్ల కూన గదా, మెత్తగా ఉంటే మంచిదనుకొని, బాలింతకు షోర్వా కాచిన మేక కాలి బొక్కను మళ్లీ ఉడకబెట్టి, రాయితో చితక్కొట్టి వేశాను. వేసి మగ్గం గుంటలో కూర్చున్నాను. అది ఊపిరాడక మూతి నేలకు రుద్దుతుంటే ఎల్లవ్వే పరుగెత్తి వచ్చి, నోట్లో చెయ్యి పెట్టి, అడ్డం పడ్డ చీలికను లాగింది. ఆమె వేలికి పన్ను దిగింది. మీ అవ్వ వచ్చేసరికి కుక్క ఆమె ఒళ్లో, బొక్క ఆమె చేతిలో.

"కూనకు గిదేం పెట్టినవే, బుద్ధున్నదా?" అని అరిచింది.

ఎల్లవ్వ నా వైపు చూసింది. నేను తల ఎత్తకుండా మగ్గం మీద నాడె అటూ ఇటూ విసురుతూ ఉండిపోయాను. కోడలి ముందర తప్పు ఒప్పుకోవడానికి సిగ్గేసింది, కొడుకా.

దాని మీద నువ్వు రాసిన జవాబు ఇంట్లో చదివేది నేనే గదా. "ఆ తెలివితక్కువది రేపు బిడ్డకేం పెడుతుందో" అని నువ్వు రాసిన మాటను ఆపుకునేలోపే నా నోరు చదివేసింది. ఎల్లవ్వ బిడ్డను ఎత్తుకొని లోపలికి పోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇంతవరకు రాసి, ఇప్పుడే ఇద్దరినీ పిలిచి చదివి వినిపించాను. మీ అవ్వ ఎల్లవ్వ చెయ్యి తీసుకొని, మానిన వేలిని నిమురుతూ కూర్చున్నది.

"నాకెరుకనే గదా మామా," అన్నది ఎల్లవ్వ. "గీ సంగతి ఆయినెకు రాయద్దు. నాయినంటే చిన్నసూపైతది."

నేను ఒక్క అక్షరం కొట్టేయలేదు.

ఈసారి ఉత్తరం ఆమె పేరున రాయి. నన్ను అనాల్సిన మాటలు కూడా అందులోనే రాయి. ఒక్కటీ దాటేయకుండా ఆమె ముందర చదువుతాను.

ఇట్లు,
నీ నాయిన
రాజమల్లయ్య