హ్వే వచ్చి గుడి తెరవమంది

హిరాసే దీవి,
చలిగాలులు మొదలైన వారం

ప్రభువు నీడలో ఉన్న నా చెల్లెలు ఫుసయేకి,

అక్క మిసావో ప్రేమతో రాస్తున్నది. నీ మఠంలో అందరూ నిన్ను సిస్టర్ అని పిలిచినా, నాకు మాత్రం నువ్వు పీతను చూసి ఏడ్చే ఫుసయేవే. ఇక్కడ నేను క్షేమం. పక్కింటి తొమే అవ్వ క్షేమం, ఆమె నోరు మరీ క్షేమం. అక్కడ నువ్వూ, మదర్ గారూ, తక్కిన సిస్టర్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. కమేలియా గింజల నూనె ఈసారి కొంచెమే దిగింది, అయినా నీకో సీసా పంపుతున్నాను. చిలగడదుంపలు కోసి ఎండబెట్టాను, అవీ ఆ పార్సిల్లోనే పెట్టాను. భోజనం ఎవరితో కలిసి తింటున్నావని అడిగావు. రేడియో పెట్టుకుని తింటున్నాను. మీ బావ ఆత్మశాంతికి పూజ చెప్పించే తేదీ ఖాయం చేశావా అని మళ్లీ అడిగావు. దానికి చివర రాస్తాను. తొందరపడి కిందికి చూడకు.

ఫాదర్ గారు ఇప్పుడు నెలకొకసారే పడవ మీద వస్తున్నారు. మిగతా ఆదివారాలు మేమే కూడి జపం చెప్పుకుంటాం. గుడి తాళం నా దగ్గరే ఉంటుంది. అమ్మ కాలంలో తలుపు పగలంతా తెరిచే ఉండేది, నీకు గుర్తుండే ఉంటుంది. నేను మాత్రం ఆదివారం తప్ప తీయడం మానేశాను. గాలికి ఇసుక లోపలికి కొడుతోందని అందరికీ చెప్పాను.

మొన్న మధ్యాహ్నం చేపలు కడుగుతుంటే ఎవరో తలుపు తట్టారు. చూస్తే చేపల కార్ఖానాలో పనికి వియత్నాం నుంచి వచ్చినవాళ్లలో ఒక అమ్మాయి. కాళ్లకు రబ్బరు బూట్లు అలాగే ఉన్నాయి. పేరు హ్వే అని చెప్పింది.

"అక్కా, గుడి. తలుపు తియ్యి. దయచేసి."

"ఆదివారం రా అమ్మా, అందరం ఉంటాం."

"ఆదివారం కాదు. ఇప్పుడు. మా అమ్మ పోయింది. నేను వెళ్లలేను. సెలవు లేదు."

చేతులు తుడుచుకుని బయల్దేరాను. దారిలో తొమే అవ్వ వల బాగుచేసుకుంటూ కూర్చుంది. "ఏమే మిసావో, ఇవాళ గుడి తీస్తున్నావు? ఇసుక సెలవు పెట్టిందా?" అంది.

లోపలికి వెళ్లగానే ఆ పిల్ల మోకరించి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, మోకరించనూ లేదు. పీఠం ముందు నిటారుగా నిలబడి తన భాషలో గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ పోట్లాడుతోందని మాత్రం తెలిసింది. సిలువ వైపు చెయ్యి చాపి ఏదో అడిగింది. ఆగింది. మళ్లీ అదే అడిగింది. అలా అడిగి అడిగి గొంతు బొంగురుపోయాక కూలబడి పరలోక జపం చెప్పుకుంది. అదీ తన భాషే, అయినా ఆ లయను బట్టి పోల్చుకున్నాను.

బయటికి వచ్చేటప్పుడు ఉండబట్టలేక అడిగాను. "దేవుణ్ణి తిట్టావా అమ్మా?"

"తిట్టాను అక్కా. చాలా తిట్టాను."

"తప్పు కదూ?"

"మరి ఎవరిని తిట్టను? మేస్త్రీని తిడితే పని పోతుంది." ముక్కు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు తిట్టవా?" అంది.



ఫుసయే, ఇంతకాలం నీకు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. మీ బావ గెంజిరో పడవ తిరిగి రాని నాటి నుంచి నేను దేవుడితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆదివారాలు అందరితో పాటు పాడాను, జపమాల తిప్పాను, నీ ప్రార్థనల వల్ల ధైర్యంగా ఉన్నానని నీకు రాశాను. పెదాలు కదిలేవి, అంతే. ఆయన మీద కోపమని కూడా నాకు తెలియలేదు, ఒంట్లో నీరసమనుకున్నాను. గుడిలోకి వెళ్తే ఆయన ఎదురుపడతాడని తాళం వేసుకున్నాను. మీ బావ లేని ఇంట్లో ఆయన్ని కూడా రానివ్వకుండా కూర్చున్నాను. ఆ చలి ఎలా ఉంటుందో నీకు చెప్పలేను.

హ్వే పనిలోకి వెళ్లిపోయాక నేను మళ్లీ లోపలికి వెళ్లాను. "గెంజిరో ఏడి?" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. "కనీసం ఒళ్లయినా ఒడ్డుకి చేర్చలేదు. తీసుకునేవాడివి, నాకొక మాట చెప్పొద్దా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి మఠానికి రాసే మాటలు కావు.

జవాబు రాలేదు. ఓదార్పూ రాలేదు, నీకు అబద్ధం రాయను. బయటికి వస్తే తొమే అవ్వ మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఇంకాస్త గట్టిగా అడగవే. ఆయనకి వినపడక కాదు, నాకు వినపడట్లేదు" అని, పక్కకి జరిగి చోటిచ్చింది. చలికి వణుకుతూ ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

పూజ సంగతి. ఫాదర్ గారు ఈసారి వచ్చినప్పుడు చెప్పిస్తున్నాను, మీ బావకీ హ్వే అమ్మకీ కలిపి. ఆవిడ పేరు నాకు నోరు తిరగడం లేదు, హ్వే నేర్పుతోంది, నవ్వుతోంది కూడా. అంతమాత్రాన గెంజిరో లేడని ఒప్పుకున్నాననుకోకు. ఒప్పుకోలేదని రోజూ దేవుడికే చెబుతున్నాను.

నిన్న సాయంత్రం ఒడ్డు వెంట నడుస్తూ దారి పొడుగునా ఆయనతో మాట్లాడాను. పక్కన ఎవరూ లేరు. ఎవరూ బదులు పలకలేదు. ఇల్లు వచ్చేసరికి చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. అందుకని వెంటనే లోపలికి పోకుండా, గుమ్మంలోనే కాసేపు నిలబడ్డాను.

ఇట్లు,
నువ్వు అక్కడ మోకరించినప్పుడు ఇక్కడ పోట్లాడుతుండే
నీ అక్క,
మిసావో