జీడిపప్పు షెడ్డులో

చీరాల, మంగళవారం రాత్రి

అన్నం సహించలేదు. ఇవాళ జీడిపప్పు షెడ్డులో మేస్త్రి ఎస్తేరు వదినను నోరు తెరవమన్నాడు. పప్పు తిన్నదేమో చూడాలట! ఏడో నెల గర్భిణి నోట్లో వేలు పెట్టి కెలికాడు, ఛీ! ఆమె అక్కడే వాంతి చేసుకుంది.

"ఏమయ్యా మేస్త్రీ, మీ ఇంటి ఆడవాళ్ళనీ ఇట్లాగే చూస్తావా?" అన్నాను.

"నీకెందుకే? గింజలు కొట్టు!" అన్నాడు.

పెంకులోంచి కారే జీడినూనెకు మా వేళ్ళు కాలి తోలు ఊడుతోంది. పురుగు పట్టకుండా నాన్న ఆ నూనెను పడవ చెక్కకు పూసేవాడు. మేస్త్రి వేలికి మాత్రం అది ఎన్నడూ అంటదు.

వదినను పట్టుకుని బయటికి నడిచాను. వెనక ఎవరూ లేవలేదు. గింజలు కొట్టే చప్పుడు మాత్రం ఆగిపోయింది.

రేపు మమ్మల్ని లోపలికి రానిస్తారో లేదో. రానిచ్చినా, ఆ మనిషి ఎదురుగా కూర్చుని మళ్ళీ గింజలెట్లా కొట్టను?